టెక్సస్‌లో నలభయ్యో ర్యాంకు



డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్. హ్యూస్టన్ పక్కన కేటీ, షుగర్‌ల్యాండ్. ఆస్టిన్ పక్కన సీడర్ పార్క్. ఇవన్నీ మనవాళ్ళు బాగా స్థిరపడ్డ ఊళ్ళు. అక్కడి తెలుగు ఇళ్ళలో పిల్లలు తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టారో లేదో, ఒక ప్రశ్న మొదలవుతుంది. క్లాస్ ర్యాంకు ఎంత? విజయవాడ నుంచో వరంగల్ నుంచో ఫోన్ చేసే అమ్మమ్మ, తాతయ్య కూడా అదే అడుగుతారు.

ఒక హైస్కూలు తీసుకుందాం. ఆఖరి సంవత్సరంలో, అంటే పన్నెండో తరగతిలో, 800 మంది ఉన్నారనుకుందాం. అందులో 5 శాతం అంటే 40 మంది. నలభయ్యో ర్యాంకు వచ్చిన అమ్మాయికి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, ఆస్టిన్ క్యాంపస్‌లో చట్టప్రకారం చోటు ఉంది. నలభై ఒకటో ర్యాంకు వచ్చిన అబ్బాయికి ఆ హామీ లేదు. అతని దరఖాస్తు మొత్తం చదివి, వేల మందితో పోల్చి చూసి, అప్పుడు చెప్తారు. మరి ఇద్దరికీ తేడా ఎంత? జీపీఏలో చుక్క తర్వాత రెండో అంకెలోనో, మూడో అంకెలోనో ఉంటుంది.

అదే అబ్బాయి, అవే మార్కులతో బోస్టన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాడనుకోండి. అక్కడ నలభైకీ నలభై ఒకటికీ తేడా పట్టించుకునేవాళ్ళు ఉండరు. కొన్నిచోట్ల ర్యాంకు అన్న గడి ఖాళీగా ఉన్నా అడగరు.

ఒకచోట ర్యాంకే సర్వస్వం. ఇంకోచోట దాని ఊసే లేదు. ఇవాళ్టి ప్రసంగం దీని గురించే.

ముందుగా ఒక సంగతి. మన ఎంసెట్ ర్యాంకు వేరు, ఈ క్లాస్ ర్యాంకు వేరు. ఎంసెట్‌కి ఇప్పుడు ఈఏపీసెట్ అని పేరు మారింది. ఆ పరీక్షలో రాష్ట్రమంతా ఒకటే వరస. శ్రీకాకుళం పిల్లాడూ, నెల్లూరు పిల్లాడూ ఒకే వరసలో నిలబడతారు. అమెరికాలో క్లాస్ ర్యాంకుకి అలాంటి ఉమ్మడి పరీక్ష ఏదీ లేదు. హైస్కూల్లో తెచ్చుకున్న మార్కులన్నీ కలిపి, ఆ ఒక్క స్కూల్లో, ఆ ఒక్క బ్యాచ్‌లో ఎన్నో స్థానమో చెప్తారు. అంతే.

మన బడుల్లో పొద్దున ప్రార్థనకి పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు కదా. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఒక బడిలో వరస చివర నిలబడే కుర్రాడు, ఇంకో బడిలో చేరితే మధ్యకి రావచ్చు. వాడి ఎత్తు అంగుళం కూడా మారలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు మారారు. క్లాస్ ర్యాంకు కూడా ఇంతే. పక్కవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి అది మారిపోతుంది.

మరి ఇలాంటి కొలతని టెక్సస్ ప్రభుత్వం చట్టంలో ఎందుకు పెట్టింది? దీని వెనక పెద్ద కథే ఉంది.

1996లో హాప్‌వుడ్ కేసు అని ఒకటి వచ్చింది. ఆస్టిన్‌లోని లా కాలేజీ మీద వేసిన కేసు. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని అప్పీళ్ళ కోర్టు తీర్పు చెప్పింది. దాంతో నల్లజాతి పిల్లలూ, మెక్సికన్ మూలాలున్న పిల్లలూ యూనివర్సిటీలో తగ్గిపోతారని భయం పట్టుకుంది. ఆ సమయంలో ఇంకో విషయం కూడా బయటపడింది. టెక్సస్‌లో హైస్కూళ్ళు సుమారు 1500. కానీ ఆస్టిన్ క్యాంపస్‌లో చేరే కొత్త విద్యార్థుల్లో సగం మంది 59 స్కూళ్ళ నుంచే వస్తున్నారు. మిగతా రాష్ట్రమంతా కలిసి మిగిలిన సగం. ఎన్నో ఊళ్ళ నుంచి ఏళ్ళ తరబడి ఒక్కరూ రావడం లేదు.

అప్పుడు ముందుకొచ్చారు ఇర్మా రాంగెల్. దక్షిణ టెక్సస్‌లో కింగ్స్‌విల్ ఆమె ఊరు. టెక్సస్ శాసనసభకి ఎన్నికైన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆమె. 1997లో ఆమె తెచ్చిన బిల్లులో విషయం చాలా సాదాసీదాగా ఉంది. రాష్ట్రంలో ఏ హైస్కూలైనా సరే, క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్న పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఇచ్చి తీరాలి. నగరంలోని ధనిక పేట స్కూలైనా, సరిహద్దులోని బీద ఊరి స్కూలైనా ఒకటే లెక్క. మెక్సికన్ మూలాలున్న శాసనసభ్యులు దీనికి మద్దతిచ్చారు. పశ్చిమ టెక్సస్ పల్లెల నుంచి వచ్చిన తెల్ల రిపబ్లికన్లు కూడా చేయి కలిపారు. వాళ్ళ ఊరి పిల్లలకీ ఆస్టిన్ అందడం లేదు మరి. అప్పటి గవర్నర్ జార్జ్ బుష్ సంతకం పెట్టారు. అదే టాప్ టెన్ పర్సెంట్ చట్టం.

పిల్లల చదువు కోసం పల్లెల్లోంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఈ చట్టం విలువ ఇట్టే గ్రహిస్తారు. 60 మంది ఉన్న చిన్న బడిలో మొదటి ఆరుగురికి, వాళ్ళ ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూడని క్యాంపస్‌లో చోటు దొరికింది. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఫలానా కోచింగ్ తీసుకున్నావా అని అడిగేవాళ్ళు లేరు.

చట్టం ఎంత బాగా పనిచేసిందంటే, 2008 నాటికి ఆస్టిన్‌లో చేరే టెక్సస్ పిల్లల్లో పదింట ఎనిమిది మంది ఈ దారినే వచ్చారు. ఇక వేరే విధంగా ఎంచుకోవడానికి చోటు లేకుండా పోయింది. యూనివర్సిటీ మొర పెట్టుకుంది. 2009లో చట్టాన్ని సవరించారు. ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం, టెక్సస్ పిల్లల సీట్లలో 75 శాతం వరకే ఈ హామీ మీద నింపితే చాలన్నారు. దరఖాస్తులు ఏటా పెరుగుతున్నాయి. సీట్లు అంతగా పెరగడం లేదు. కాబట్టి 75 శాతం దాటకుండా ఉండాలంటే ర్యాంకు గీత పైకి జరపాలి. 10 శాతం కాస్తా 8, 7 దాకా వచ్చింది. 2019 నుంచి 6 శాతం. 2026లో చేరే బ్యాచ్ నుంచి 5 శాతం.

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. ఈ 5 శాతం గీత ఆస్టిన్ క్యాంపస్ ఒక్కదానికే. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి ఇప్పటికీ 10 శాతమే. మిగతా ప్రభుత్వ యూనివర్సిటీలకీ ఆ హామీ అలాగే ఉంది. ఆస్టిన్‌లో గీత తప్పినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు మొత్తం పోలేదు. చాలా ఇళ్ళలో ఈ ముక్క తెలియకే పిల్లల్ని కంగారు పెడుతున్నారు.

మనవాళ్ళు తరచూ పొరబడే సంగతి ఇంకొకటుంది. ర్యాంకు హామీ ఇచ్చేది క్యాంపస్‌లో చోటుకి. కోరుకున్న కోర్సుకి కాదు. మళ్ళీ చెప్తున్నాను. క్యాంపస్‌కి హామీ. కోర్సుకి హామీ లేదు. మూడో ర్యాంకు వచ్చిన పిల్లైనా సరే, ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ కావాలంటే పోటీ పడాల్సిందే. ఇంజనీరింగూ అంతే, బిజినెస్ కూడా అంతే. అక్కడ వ్యాసాలు చూస్తారు, పరీక్ష స్కోరు చూస్తారు, ఆ సబ్జెక్టులో పిల్ల ఏం చేసిందో చూస్తారు. ఆటోమేటిక్ అడ్మిషన్ వచ్చి కూడా అడిగిన కోర్సు రాని పిల్లలు ఉంటారు. మన ఇళ్ళలో అడిగేది ఎక్కువగా ఆ కోర్సే కాబట్టి, మిగతావాళ్ళకంటే మనవాళ్ళకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

పరీక్ష స్కోరు అన్నాం కదా. కోవిడ్ కాలంలో ఎస్‌ఏటీ, ఏసీటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షల స్కోర్లు పంపడం విద్యార్థుల ఇష్టానికి వదిలేశారు. 2024 మార్చిలో ఆస్టిన్ యూనివర్సిటీ వాటిని మళ్ళీ తప్పనిసరి చేసింది. కారణం కూడా చెప్పింది. ర్యాంకు, హైస్కూలు మార్కులు లాంటివన్నీ లెక్కలోకి తీసుకుని చూసినా, స్కోరు పంపినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లో పంపనివాళ్ళకంటే సగటున 0.86 పాయింట్ల జీపీఏ ఎక్కువ తెచ్చుకున్నారట. 4 పాయింట్ల స్కేలు మీద అది పెద్ద తేడానే. అంటే ర్యాంకుని అంతగా నమ్ముకున్న యూనివర్సిటీకి కూడా ర్యాంకొక్కటీ చాల్లేదన్నమాట.

ఇప్పుడు టెక్సస్ దాటి చూద్దాం.

కాలిఫోర్నియాలో దారి వేరు. ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు ఉన్న మనవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి ఎన్నో క్యాంపస్‌లున్నాయి. తన స్కూల్లో పై 9 శాతంలో ఉన్న పిల్లకి, ఖాళీ ఉన్న ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఇస్తారు. బర్క్‌లీ అనో లాస్ ఏంజెలెస్ అనో కోరుకుంటే కుదరదు. స్కూలు ర్యాంకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. లెక్క యూనివర్సిటీయే కట్టుకుంటుంది.

ఇక దేశంలోని మిగతా కాలేజీలు. అడ్మిషన్లు చూసే ఉద్యోగులకీ, స్కూలు కౌన్సెలర్లకీ కలిపి అక్కడ ఒక జాతీయ సంఘం ఉంది. మీరు దేనికి ఎంత విలువ ఇస్తారని అది కాలేజీలను అడుగుతూ వస్తోంది. 1993లో పదింట నాలుగు కాలేజీలు క్లాస్ ర్యాంకుకి చాలా విలువ ఇస్తామన్నాయి. 2018 నాటికి అలా అన్నవి 9 శాతమే. పాతికేళ్ళలో ఇంత పడిపోవడానికి కారణం, చాలా హైస్కూళ్ళు ర్యాంకులు ఇవ్వడం మానేయడమే. ఇవాళ అమెరికాలో సగానికి పైగా హైస్కూళ్ళు ర్యాంకు చెప్పడం లేదు.

ఎందుకు మానేశాయి? గట్టి పోటీ ఉన్న స్కూల్లో వందో ర్యాంకు వచ్చిన పిల్ల కూడా ఎంతో చదివే పిల్ల. కాగితం మీద ఆ 100 అన్న అంకె చూస్తే మాత్రం వెనకబడ్డట్టు కనిపిస్తుంది. తమ పిల్లలకి తామే ఎందుకు అన్యాయం చేయాలని స్కూళ్ళు అనుకున్నాయి. టెక్సస్‌లో మాత్రం చట్టం ఉంది కాబట్టి పూర్తిగా మానలేరు. అందుకే అక్కడ చాలా స్కూళ్ళు పై 10 శాతానికి మాత్రమే ర్యాంకు చెప్పి ఊరుకుంటాయి.

ర్యాంకు లేకపోతే కాలేజీకి ఏమీ తెలియదనుకోకండి. ప్రతి దరఖాస్తుతో పాటు కౌన్సెలర్ ఒక కాగితం జత చేస్తారు. దాన్ని స్కూల్ ప్రొఫైల్ అంటారు. స్కూల్లో ఎంతమంది ఉన్నారు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సులు ఎన్ని చెప్తారు, మార్కులు ఎలా వేస్తారు, ఇవన్నీ అందులో ఉంటాయి. చాలా స్కూళ్ళు ఎంతమందికి ఎంత జీపీఏ వచ్చిందో కూడా వేస్తాయి. అది చూస్తే పిల్ల పైభాగంలో ఉందా, మధ్యలో ఉందా అన్నది తెలిసిపోతుంది. పైగా చాలా కాలేజీల్లో ఒక ప్రాంతం దరఖాస్తులన్నీ ఒకే అధికారి చూస్తారు. ఆ స్కూలు సంగతి ఆయనకి ఏళ్ళ తరబడి తెలుసు. కాబట్టి క్లాసులో ఎక్కడున్నావన్నది అక్కడా చూస్తారు. కాకపోతే నలభయ్యా, నలభై ఒకటా అని చూడరు. స్కూల్లో ఉన్న కష్టమైన కోర్సులు తీసుకున్నావా, వాటిలో ఎలా చదివావు అని చూస్తారు.

ఇంతవరకూ కాలేజీల వైపు నుంచి చూశాం. ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. అసలు బాధ అక్కడుంది.

ఒక స్కూల్లో మార్కుల లెక్క ఇలా ఉందనుకోండి. మామూలు కోర్సులో 100కి 100 వస్తే 5 పాయింట్లు. అడ్వాన్స్‌డ్ కోర్సులో 100 వస్తే 6 పాయింట్లు. ఒక్కో మార్కు తగ్గితే పాయింటులో పదో వంతు తగ్గుతుంది. ఒక అమ్మాయి ఆరు అడ్వాన్స్‌డ్ కోర్సులు తీసుకుంది. అన్నిట్లో 96 వచ్చాయి. అంటే ఒక్కోదానికి 5.6 పాయింట్లు. సగటు కూడా 5.6. ఇప్పుడు ఏడో సబ్జెక్టుగా ఆర్కెస్ట్రా తీసుకుంది. ఆరో తరగతి నుంచి వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల అది. ఆర్కెస్ట్రాలో 100కి 100 తెచ్చుకుంది. అది మామూలు కోర్సు కాబట్టి 5 పాయింట్లే వచ్చాయి. సగటు 5.6 నుంచి 5.51కి దిగింది.

వందకి వంద తెచ్చుకున్న సబ్జెక్టు ఆ పిల్ల ర్యాంకుని కిందికి లాగింది. ఇంట్లో ఎవరో ఆ లెక్క కట్టారు. పదో తరగతిలో వయొలిన్ పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఇలా జరక్కూడదు. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు, ఈ చిక్కు గమనించి, ర్యాంకు లెక్కలో గణితం, సైన్స్, ఇంగ్లీష్, సోషల్ లాంటి ముఖ్య సబ్జెక్టులనే ఉంచాయి. సంగీతం, ఆటలు లెక్కలోకి రావు. కొన్నిచోట్ల పాత పద్ధతే ఉంది. మీ పిల్లల స్కూల్లో ఏ పద్ధతో కోర్సులు ఎంచుకునే ముందే కనుక్కోవాలి. వయొలిన్ అసలు లెక్కలోకే రాని స్కూల్లో, లెక్కలోకి వస్తుందని భయపడి మానిపించిన ఇళ్ళు కూడా ఉంటాయి. అది ఎంత అనవసరమైన నష్టమో ఆలోచించండి.

ర్యాంకు కోసం బడులే మార్చేవాళ్ళూ ఉన్నారు. జూలీ కల్లెన్, మార్క్ లాంగ్, రాండల్ రీబ్యాక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు టెక్సస్‌లో దీన్ని పరిశీలించారు. బడి మారితే లాభం ఉండి, మారే వీలు కూడా ఉన్న పిల్లల్లో కనీసం 5 శాతం మంది, టాప్ టెన్ పర్సెంట్‌లో పడే అవకాశం కోసం వేరే హైస్కూలు ఎంచుకున్నారని వాళ్ళు తేల్చారు. గట్టి పోటీ ఉన్న ప్రత్యేక స్కూలుకి వెళ్ళకుండా ఇంటి దగ్గరి స్కూల్లో ఉండిపోవడం లాంటివన్నమాట. మనవాళ్ళు చేసేది ఎక్కువగా దీనికి ఎదురు. మంచి రేటింగున్న స్కూలు చూసి, దాని పక్కనే ఇల్లు కొంటారు. నలుగురు కొన్నచోటే మరో నలుగురు కొంటారు. చివరికి చదువుల పిల్లలంతా ఒకే స్కూల్లో చేరతారు. అక్కడ 5 శాతం గీత అందుకోవడం మరీ కష్టమవుతుంది. దీన్ని తప్పనడానికి లేదు. మంచి స్కూల్లో మంచి చదువు దొరుకుతుంది. ఆ చదువు కోసం ఇల్లు కొన్నాం, ర్యాంకు కోసం కాదు అని ఇంట్లో పెద్దవాళ్ళు ముందే అనుకోవాలి. పిల్లలకి ఆ మాట చెప్పాలి కూడా.

మరి గీత దాటలేని పిల్లల సంగతి ఏమిటి? వాళ్ళ జీవితం దెబ్బతింటుందా?

దీనిమీద సాండ్రా బ్లాక్, జెఫ్రీ డెనింగ్, జెస్సీ రోత్‌స్టీన్ చేసిన పరిశోధన ఉంది. టాప్ టెన్ చట్టం వచ్చాక రెండు రకాల పిల్లలు తయారయ్యారు. చట్టం లేకపోతే ఆస్టిన్‌కి రాలేని పిల్లలు కొందరు లోపలికి వచ్చారు. చట్టం వల్ల ఆస్టిన్ సీటు పోగొట్టుకుని వేరే కాలేజీలకి వెళ్ళినవాళ్ళు ఇంకొందరు. ఈ రెండో రకంలో, మంచి పోటీ ఉన్న స్కూళ్ళలో చదివి గీతకి కాస్త కింద ఆగిపోయిన పిల్లలు ఎక్కువ. పరిశోధకులు రెండు గుంపులనీ చాలా ఏళ్ళు గమనించారు. లోపలికి వచ్చినవాళ్ళలో డిగ్రీ పూర్తి చేసేవాళ్ళు పెరిగారు. సంపాదన కూడా పెరిగిన సూచనలు కనిపించాయి. ఆస్టిన్ పోగొట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. వాళ్ళ డిగ్రీలు తగ్గలేదు. వాళ్ళ సంపాదనా తగ్గలేదు. వేరే కాలేజీలో చేరారు, చదువుకున్నారు, స్థిరపడ్డారు.

ఈ పరిశోధన గురించి ఇళ్ళలో మాట్లాడుకోవాలి. ముఖ్యంగా రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని చదివే పదిహేనేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో.

ఇప్పుడు చేయాల్సిన పని సంగతి. పెద్ద పనేం కాదు. తొమ్మిదో తరగతిలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకోమంటారు. దానికి ముందే కౌన్సెలర్‌ని కలవండి. మన స్కూలు ర్యాంకు ఇస్తుందా, ఎంత శాతం వరకు ఇస్తుంది అని అడగండి. ఏ కోర్సులు లెక్కలోకి వస్తాయి, ఏవి రావు అని అడగండి. మొహమాటపడకండి. ఇంగ్లీష్ తడబడినా ఫర్వాలేదు. ఈ వివరాలు డిస్ట్రిక్టు అచ్చువేసే కోర్సుల పుస్తకంలో కూడా ఉంటాయి. ఆ పేజీ కలిసి చదవండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని.

దరఖాస్తు పెట్టేటప్పుడు మామూలుగా చూపించే ర్యాంకు పదకొండో తరగతి చివరిది. అప్పటికి పిల్ల గీత లోపల ఉంటే, కోర్సుకి కావలసిన వ్యాసాల మీద శ్రద్ధ పెట్టాలి. గీత బయట ఉంటే, ఆస్టిన్‌కి దరఖాస్తు పెట్టడం మానక్కర్లేదు. టెక్సస్ పిల్లల సీట్లలో దాదాపు నాలుగో వంతు అలా దరఖాస్తు మొత్తం చదివి ఇచ్చేవే. 10 శాతం లోపల ఉంటే ఏ అండ్ ఎమ్ హామీ చేతిలో ఉండనే ఉంది.

ఈ హామీలకి ఇంకొన్ని షరతులున్నాయి. టెక్సస్ హైస్కూల్ ప్లాన్‌లో డిస్టింగ్విష్డ్ లెవెల్ అని ఒకటుంది. అది పూర్తి చేయాలి, లేదా నిర్ణీత పరీక్ష స్కోరు ఉండాలి. ఆ లెవెల్‌లో ఆల్జీబ్రా టూ తప్పనిసరి. వేరే రాష్ట్రం నుంచి మధ్యలో వచ్చి చేరిన పిల్లల తల్లిదండ్రులు దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. పాత స్కూల్లో చదివిన కోర్సులకి కొత్త స్కూలు ఎన్ని పాయింట్లు వేసిందో ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించి సరిచూసుకోవాలి. ఇక గడువు. ఆటోమేటిక్ అడ్మిషన్ అన్నారు కదా, దానంతట అదే వస్తుందనుకుని కూర్చోకండి. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లైనా గడువులోగా దరఖాస్తు పెట్టాలి, ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. ఆ తేదీలు ఏడాదికేడాది మారుతుంటాయి. పదకొండో తరగతి వేసవి సెలవుల్లోనే యూనివర్సిటీ అడ్మిషన్ల పేజీలో చూసి, క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.